కిటికీ లోపల ఉన్న మేరీ

(అంబర్‌పేట్‌లో మహిళా కార్యకర్తలు కలిసి చూసిన ఒక మూకీ సినిమా తర్వాత చేసిన ప్రసంగ పాఠం)



1927లో వచ్చిన 'కాలేజ్' సినిమా చూసి ఇప్పుడే అందరం కలిసి నవ్వుకున్నాం. బస్టర్ కీటన్ పడిపోతుంటే నేనూ నవ్వాను. అందులో తప్పేమీ లేదు. అయితే నవ్వు ఆగాక, మనం ఏ చోట నవ్వామో, ఏ చోట నవ్వలేకపోయామో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి.

ఎక్కడో అమెరికా సినిమా మనకెందుకని ఒక చెల్లెలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మన హైదరాబాదులోనూ మూకీలు తయారయ్యాయి. ధీరేన్ గంగూలీ ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి 1922లో 'లేడీ టీచర్' అనే చిత్రం తీశాడు. 1924లో 'రజియా బేగం' ప్రదర్శించినందుకు నిజాం ఆగ్రహానికి గురై నగరం విడిచి వెళ్లాల్సి వచ్చింది. సింహాసనమెక్కిన స్త్రీ ఎవరిని ప్రేమించిందన్నది రాజ్యానికే సమస్య అయిందన్నమాట. కోఠీ మహిళా కళాశాల మొదలైంది కూడా ఆ 1924లోనే. చదువుకునే ఆడపిల్ల అప్పుడే ఇక్కడ అడుగుపెడుతోంది. ఆమెను ఆనాటి తెర ఎలా చూపిందో తెలుసుకుందామంటే మన మూకీల్లో చాలామటుకు నశించిపోయాయి. అందుకే దొరికినదాన్ని చూశాం.

కథ మీకు తెలిసిందే. పుస్తకాల పురుగు రోనాల్డ్ ఆటలను తిడుతూ ఉపన్యాసం ఇస్తాడు. మేరీకి కోపం వస్తుంది. ఆమె మెప్పు కోసం అతను కాలేజీలో చేరి బేస్‌బాల్, పరుగు, హర్డిల్స్, అన్నీ ప్రయత్నించి అన్నింట్లో ఓడిపోతాడు. మధ్యలో ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతి వెయిటర్‌గా పనిచేసే దృశ్యం ఉంది. అక్కడ మనలో చాలామంది నవ్వలేదు. ఒక జాతి అవమానాన్ని హాస్యంగా అమ్ముకోవడం అది. దాన్ని పాతకాలం కదా అని సర్దిచెప్పనక్కర్లేదు.

ఇక అసలు దృశ్యం. కాలేజీ నుంచి బహిష్కరణకు గురైన జెఫ్, మేరీ హాస్టల్ గదిలో దూరి తలుపు వేసేస్తాడు. అతని లెక్క చాలా సూటిగా ఉంది. గదిలో మగవాడు కనబడితే మేరీని కూడా కాలేజీ నుంచి పంపేస్తారు. అప్పుడు తనను పెళ్లి చేసుకోక ఆమెకు గతి ఉండదు. చూడండి, చొరబడింది అతను, శిక్ష పడేది ఆమెకు. జెఫ్ చేతిలో కత్తి లేదు. కాలేజీ నిబంధనే అతని ఆయుధం. దర్శకుడు ఈ లెక్కను ప్రేక్షకులకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి.

మనకు మాత్రం తెలియదా? ఆడపిల్లల హాస్టల్ గేటుకు చీకటి పడగానే తాళం ఎందుకు పడుతుంది? వేధించినవాడి పేరు చెప్పిన పిల్లకు ఇంట్లో వినిపించే మొదటి మాట ఏమిటి? 'ఇక కాలేజీ మానెయ్.' భద్రత పేరుతో ఆడపిల్లల హాస్టళ్లలో వివక్షతో కూడిన నియమాలు పెట్టకూడదని యూజీసీ 'సక్షమ్' నివేదిక 2013లోనే చెప్పింది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' అంటూ వీధికెక్కారు. నివేదికలో రాసిన మాటకూ, గేటు దగ్గర పిల్లకు ఎదురయ్యే మాటకూ మధ్య దూరం మీ అందరికీ అనుభవమే.

రోనాల్డ్ పరుగెత్తుకుంటూ వస్తాడు. అంతవరకు చేతకాని ఆటలన్నీ ఒక్కసారిగా వచ్చేస్తాయి. ఒక గడకర్ర పట్టుకుని కిటికీలోకి ఎగురుతాడు. నిజానికి ఆ ఎగిరింది కీటన్ కాదు, 1924 ఒలింపిక్స్‌లో పోల్‌వాల్ట్ స్వర్ణం గెలిచిన లీ బార్న్స్. తెరమీది పౌరుషానికి కూడా అరువు కావలసి వచ్చింది! మరి అదే గడకర్ర స్త్రీల చేతికి ఒలింపిక్స్‌లో ఎప్పుడు వచ్చింది? 2000లో, సిడ్నీలో. స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్ కూడా అక్కడే మొదలైంది. మన కరణం మల్లీశ్వరి కాంస్యం తెచ్చింది ఆ మొదటిసారే. ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడు, 1928లో, ఒలింపిక్ అథ్లెటిక్స్‌లోకి స్త్రీలను తొలిసారి రానిచ్చారు. 800 మీటర్ల పరుగులో ఆడవాళ్లు అలసి కూలిపోయారని ప్రచారం చేసి, ఆ పరుగును 1960 దాకా మళ్లీ పెట్టలేదు. పరుగెత్తినవాడు ఎవడైనా అలసిపోతాడు. మగవాడి అలసటకు పతకం, ఆడదాని అలసటకు నిషేధం.

ఇక్కడికి ఉప్పల్ స్టేడియం ఎంత దూరం? ఉస్మానియా మైదానాలు ఎంత దూరం? మన బస్తీ పిల్లకు మాత్రం అవి చాలా దూరం. సాయంత్రం ఖాళీ జాగా మగపిల్లల క్రికెట్‌ది. అదే వేళకు ఆడపిల్లకు నీళ్లు పట్టడం, తమ్ముణ్ణి చూసుకోవడం, అమ్మ పని నుంచి వచ్చేలోగా పొయ్యి వెలిగించడం ఉంటాయి. ఏడాదిలో తొమ్మిది రోజులు బతుకమ్మ పేరుతో చీకటి పడ్డాక కూడా మైదానం మనదవుతుంది. ఆ తొమ్మిది రోజులూ ఎవరూ అభ్యంతరం చెప్పరు. అంటే అడ్డం చీకటి కాదు. మిగిలిన రోజుల్లో ఆ జాగా మీద మనకు హక్కు లేదని అందరూ ఒప్పుకోవడమే అడ్డం.

ఆఖరి దృశ్యం గుర్తుచేసుకోండి. పెళ్లి, పిల్లలు, ముసలితనం, పక్కపక్కన రెండు సమాధులు. కొద్ది క్షణాల్లో ఒక జీవితం అయిపోయింది. కీటన్ పెళ్లినే వెక్కిరించాడని విమర్శకులు మెచ్చుకుంటారు. నాకు మాత్రం వేరే ప్రశ్న వచ్చింది. మేరీ చదువు ఏమైంది? జెఫ్ కోరుకున్నదీ పెళ్లే, రోనాల్డ్ ఇచ్చిందీ పెళ్లే. రోనాల్డ్ మంచివాడు, నిజమే. కానీ మేరీ మళ్లీ కాలేజీ మెట్లెక్కిందో లేదో చూపించాలని ఎవరికీ తోచలేదు.

మన పని అక్కడ మొదలవుతుందనుకుంటాను. వేధింపు కేసు వచ్చినప్పుడు నిందితుడికి ఏం శిక్ష పడిందని అడుగుతాం. అడగాలి. దానితోపాటు ఆ పిల్ల మర్నాడు క్లాసుకు వెళ్లిందా, నెల తర్వాత కూడా వెళ్తోందా అని మన రిజిస్టర్లలో రాసుకుందాం. బస్తీలో సాయంత్రం ఒక గంట మైదానం ఆడపిల్లలకు కావాలని కార్పొరేటర్‌ను అడుగుదాం. ఆ గంటలో పొయ్యి దగ్గర ఎవరుండాలో ఇళ్లల్లో కూడా అడుగుదాం. రెండోదే కష్టం.

కిటికీలోకి ఎగిరివచ్చేవాడి కోసం మేరీ ఎదురుచూడనవసరం లేకుండా, తలుపు తీసుకుని తనే నడిచి బయటికి రాగల రోజు కోసం ఆలోచించమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.