బొమ్మ క్రింది పేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



గ్రంథాలయమునకు వచ్చిన పిల్లవాడు పుస్తకము తెరవగానే మొదట చూచునది బొమ్మ. అక్షరము ఆ తరువాతిది. కథ వ్రాసినవారి పేరు పెద్ద అచ్చులో కనబడును. బొమ్మ వేసినవారి పేరు చిత్రపు మూలలో, గడ్డిపోచల నడుమనో, గోడ నీడలోనో దాగియుండును. ఆ మూలను వెదకి చూచువారికే చిత్రకారుడు దొరకును. 25 ఏండ్లు నిండిన గ్రంథాలయము ఇకమీద పూనుకొనదగిన పనులలో ఈ వెదకుట యొకటి.

ఈ సంగతి పల్నాటికి క్రొత్త కాదు. ఇక్ష్వాకుల కాలమున, క్రీ.శ. 3, 4 శతాబ్దులలో, మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ లోయలో పల్నాటి సున్నపురాతి పలకలపై బుద్ధుని చరిత్రమును, జాతక కథలను చెక్కిరి. చదువు రానివారికిని కథ తెలియునట్లు చెక్కిన ఆ పలకలు నేటి కథాచిత్రములకు పూర్వులు. 1954 మొదలు 1960 వరకు సాగిన త్రవ్వకములలో బయల్పడిన శిల్పములు నేడు జలాశయము నడుమనున్న ప్రదర్శనశాలలో నున్నవి. మహాచైత్యమునకు దానము చేసిన చాంతిసిరి పేరు శాసనములలో నిలిచినది. ఉలి పట్టినవారి పేర్లు చాలవరకు నిలువలేదు. రాయి దక్కినది, చేయి మరుగుపడినది.

రాతికే ఈ గతి పట్టినపుడు కాగితపు మాట చెప్పనేల? వారపత్రిక మరుసటి వారమునకే పాతది. దాని పుటలలో బొమ్మలు వేసినవారు తాము శాశ్వతమైన పని చేయుచున్నామని ఎంచిరో లేదో గాని, తెలుగువారి కన్నులకు రూపములను తీర్చి యిచ్చినవారు వారే. 1947 జూలైలో ప్రారంభమైన ‘చందమామ’ను తలచుకొందుము. భుజముపై శవము, చేత కత్తి, చుట్టును శ్మశానము. ఈ విక్రమార్కుని చూడని తెలుగు బాలుడు ఒకప్పుడు అరుదు. ఆ బొమ్మ వేసిన శంకర్ పేరు చెప్పగలవారు మాత్రము కొందరే. ఆయన 1924లో జన్మించి 2020లో కన్నుమూసెను. ‘పద్మశ్రీ’ గౌరవము 2021లో, ఆయన మరణానంతరము ప్రకటితమైనది. అదే పత్రిక ముఖచిత్రములపై ‘వపా’ అను రెండక్షరములు ఉండెడివి. అవి 1921లో శ్రీకాకుళమున పుట్టి, 1992లో గతించిన వడ్డాది పాపయ్యగారివి. పురాణపురుషులను, ఋతువులను ఆయన రంగులలో చూచినవారు ఆ రంగులను మరువలేరు.

బాపు పేరు ఇందుకు భిన్నముగా ఇంటింటికిని తెలిసినది. 1933లో జన్మించిన ఆయన 2014లో అస్తమించెను. ముళ్ళపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ను బాపు గీతనుండి వేరుచేసి ఊహింపజాలము. ఆయన చేతివ్రాత అచ్చక్షరములుగా మారి నేటికిని శుభలేఖలపై కనబడుచున్నది. అట్టివానికిని ‘పద్మశ్రీ’ 79వ యేటగాని రాలేదు. బొమ్మను ప్రేమించుటలో తెలుగువారు వెనుదీయలేదు. బొమ్మ వేసినవానిని గుర్తించుటలోనే ఆలస్యము చేసిరి.

ఇది ఒక్క తెలుగునాటి లోపము కాదు. అమెరికాలో 1960 దశకమున ‘పాప్ ఆర్ట్’ అను పద్ధతి వెలసినది. సంతలో అమ్ము డబ్బాలు, ప్రకటనలు, కామిక్ పుస్తకముల బొమ్మలు మొదలైన నిత్యవ్యవహారపు వస్తువులను చిత్రశాలకెక్కించుట దాని లక్షణము. రాయ్ లిక్టన్‌స్టైన్ 1963లో ‘వామ్’ అను పెద్ద చిత్రమును వ్రాసెను. అది నేడు లండనులోని టేట్ చిత్రశాల సొత్తు. దానికి మూలము ఇర్వ్ నోవిక్ అను చిత్రకారుడు ఒక యుద్ధకథల కామిక్ పుస్తకములో వేసిన చిన్న బొమ్మ. పెద్ద చిత్రమును చూచి మెచ్చువారిలో నోవిక్ పేరెరిగినవారెందరు?

పత్రిక తరువాత వీధి. ఊరి అంగడి పేరు, ట్రాక్టరు తొట్టిపై నెమలి, సినిమాహాలు ముందటి నిలువెత్తు కథానాయకుడు, బడిగోడపై గాంధీమహాత్ముడు; ఇవన్నియు ఒకప్పుడు కుంచెతో వ్రాసినవే. ఫ్లెక్సీలు వచ్చిన పిదప ఆ కుంచెలకు పని తగ్గినది. ఐనను గోడ మరల చిత్రకారుని పిలుచుచున్నది. హైదరాబాదులోని మక్తా బస్తీలో 2016లో ఇండ్ల గోడలనే చిత్రఫలకములుగ చేసి పలువురు చిత్రకారులు బొమ్మలు వ్రాసిరి. స్వాతి, విజయ్ దంపతులు గోడచిత్రములతోనే పేరొందిరి. ఇట్టివి చూచుటకు టిక్కెట్టు లేదు, తలుపు లేదు. దారిన పోవువారందరును ప్రేక్షకులే. కాని వెల్లవేసిన నాడు బొమ్మయు పోవును, దాని మూలనున్న పేరును పోవును.

కావున గ్రంథాలయము చేయదగిన పనులు నాలుగు కలవు. మొదటిది, పాత పత్రికలను తూకమునకు అమ్మకముందు ఒకసారి విప్పి చూచుట. అచ్చుకు పంపిన అసలు బొమ్మ దొరకనిచోట ఆ పాత సంచికయే దానికి మిగిలిన సాక్ష్యము. రెండవది, బైండు చేయించునపుడు అట్టలను తీసివేయనీయకుండుట. ముఖచిత్రము పోయిన సంచిక ముఖము లేని మనిషి వంటిది. మూడవది, పుస్తకముల పట్టికలో గ్రంథకర్త పేరు ప్రక్కన ‘బొమ్మలు’ అని మరియొక గడి గీచి చిత్రకారుని పేరు వ్రాయుట. ఈ పని పిల్లలకు అప్పగించినచో వారు భూతద్దము పట్టుకొని సంతకములు వెదకుదురు. ఒక గీతకును మరియొక గీతకును గల భేదమును వారే కనిపెట్టుదురు. సంతకము లేని బొమ్మనుగూడ కొన్నాళ్లకు ‘ఇది ఫలానావారిది’ అని చెప్పగలుగుదురు. చిత్రకళలో తొలి పాఠము అదియే. నాలుగవది, ఊరి గోడపై క్రొత్త బొమ్మ వెలసినపుడు దానిని ఫోటో తీసి, వ్రాసినవారి పేరును, తేదీని ఒక పుస్తకములో ఎక్కించుట. నేడు చేతిలో ఫోను లేని యిల్లు అరుదు గనుక ఇందుకు వ్యయము లేదు.

దుర్గిలో శిల్పులు నేటికిని రాతిని చెక్కుచున్నారు. నరసరావుపేట, గురజాల వీధులలో కుంచె పట్టినవారు ఇంకను ఉన్నారు. నాగార్జునకొండ శిల్పులను పేరడుగుటకు వేళ మించిపోయినది. వీరిని అడుగుటకు ఇంకను వేళ ఉన్నది.