ఇంగ్లండ్ బడుల్లో మతాల పాఠం

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ కూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఇంగ్లండ్‌లో మాత్రం ప్రభుత్వ బడుల్లోనూ మతవిద్య తప్పనిసరి. 1944 చట్టం దాన్ని ఖాయం చేసింది. అప్పట్లో అది దాదాపు బైబిలు పాఠమే. వలస కుటుంబాల పిల్లలు తరగతుల్లో పెరిగాక ఆ తీరు మారింది. క్రైస్తవానికి ప్రధాన స్థానం ఉంచుతూనే, దేశంలోని ఇతర ముఖ్య మతాలనూ లెక్కలోకి తీసుకోవాలని 1988 చట్టం చెప్పింది.

హైస్కూలు చివర రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో మతవిద్య పరీక్ష పద్ధతి నాకు చాలా నచ్చింది. 2016లో మొదలైన పాఠ్యప్రణాళిక ప్రకారం రెండు మతాలు చదవాలి. నమ్మకాలు, ఆచారాలు తెలుసుకోవడంతో పని అయిపోదు. యుద్ధం, పెళ్లి, మరణశిక్ష వంటి విషయాల మీద ఒక అభిప్రాయం ఇచ్చి, రెండు వైపులా వాదించి తీర్పు చెప్పమంటారు. మార్కులు భక్తికి కాదు, వాదనకే. దేవుణ్ణి నమ్మని విద్యార్థి కూడా మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. చదువంటే అదే కదా!

అక్కడున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల్ని ఈ తరగతి నుంచి తప్పించే హక్కు చట్టం మీకిచ్చింది. తొందరపడి వాడకండి. ముందు ఆ పాఠ్యపుస్తకం తెరిచి, మీ పిల్లలతో కలిసి చదవండి.