గోరీ రాయి, పాత పత్రిక
(సురవరం ప్రతాపరెడ్డి స్మృతిలో ఇబ్రహీంపట్నంలో చేసిన ఉపన్యాసం)



ప్రతాపరెడ్డిగారి పేరు మీద మాట్లాడమంటే ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర గురించే మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. ఇవాళ నేను ఎత్తుకున్నది చాలా చిన్న సంగతి. పాత పత్రికల్లో పేజీ అడుగున, రెండు ప్రకటనల నడుమ, నాలుగు వరుసల్లో పడే మరణ వార్త. ఆ వార్తలోని మనిషి మన ఊరి బొందలగడ్డలోనో, ఖబరస్తాన్‌లోనో పడుకొని ఉన్నాడు. వార్త ఒకచోట, గోరీ ఒకచోట. ఆ రెండూ ఒకదానికొకటి ఎరుక లేకుండా శిథిలమైపోతున్నాయి. నా పాతికేళ్ళ పని వాటిని కలపడమే.

1926 మే 10న ఆయన సంపాదకత్వంలో గోలకొండ పత్రిక ఎట్లా మొదలైందో, 1934లో గోలకొండ కవుల సంచిక ఎందుకు తేవలసి వచ్చిందో ఈ సభలో మళ్ళీ చెప్పక్కరలేదు. ఒక్క మాట మాత్రం చెప్పి ముందుకు పోతాను. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ప్రతాపరెడ్డిగారు వ్యాసంతో జవాబివ్వలేదు, పేర్లతో ఇచ్చారు. 354 మంది పేర్లతో. ఊరూరికీ కబురంపి, ఎవరి ఇంట్లో ఏ కాగితం ఉంటే అది తెప్పించారు. మనిషి ఉండెనని చెప్పడానికి అతని పేరు, ఊరు, అతని చేతిరాత చాలునని ఆయన నమ్మారు. నేను చేస్తున్నది ఆ పనికి తోకలాంటిది.

గోరీల సంగతిలో కుతుబ్‌షాహీల కాలాన్ని తొందరగా దాటేస్తాను. ఈ ఊరి పేరు, పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్‌షా నాటివని మీ పిల్లలకు కూడా తెలుసు. ఆ కాలపు సమాధుల మీద చక్కటి నస్ఖ్, సులుస్ లిపి రాతలున్నాయి, వాటిని చదివిన పండితులున్నారు. అప్పట్లో పత్రికలు లేవు కనుక నాకు అక్కడ పని లేదు. ఇంగ్లీషువాళ్ళ శ్మశానాల సంగతి కూడా అంతే. 1905లో మద్రాసు ప్రెసిడెన్సీ సమాధుల మీది రాతలను జూలియన్ కాటన్ అచ్చు వేయించాడు. నిజాం రాజ్యంలో ఉన్నవాటిని క్రాఫ్టన్ 1941లో జాబితాగా తెచ్చాడు. అది శ్రద్ధగా చేసిన పని. కాని అందులో ఉన్నవి యూరోపియన్ల గోరీలు. మన తాతముత్తాతల కోసం అటువంటి పుస్తకం నా కంటబడలేదు.

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. 1926 నుంచి 1948 వరకు.

ఆ ఇరవై రెండేళ్ళలో హైదరాబాదు రాష్ట్రంలో ఒక మనిషి చనిపోతే ఆ చావుకు నాలుగు తేదీలు ఉండేవి. ఇంగ్లీషు తేదీ, హిజ్రీ తేదీ, కచేరీ కాగితాల్లో ఫసలీ తేదీ, ఇంట్లో సంవత్సరీకానికి గుర్తుంచుకొనే తిథి. గోరీ రాయి చెక్కేవాడు హిజ్రీ వేశాడు. పట్వారీ ఫసలీ రాశాడు. కొడుకు మనసులో బహుళ ద్వాదశి ఉంది. పత్రికకు ఉత్తరం రాసిన బంధువు ఏది తోస్తే అది రాశాడు. వీటిలో దేన్నీ తప్పు పట్టడానికి లేదు. నలుగురూ నిజమే రాశారు.

ఫసలీ లెక్క తెలిసిన ముసలివాళ్ళు ఈ సభలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. మన ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూరు నెలతో మొదలయ్యేది. ఆ తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్, అట్లా ఆబాన్ దాకా పన్నెండు పారసీక నెలలు. ఒక మరణ వార్త కింద 1345 అమర్దాద్ అని ఉందనుకోండి. అమర్దాద్ జూన్ మొదటి వారం దాటాక వచ్చే నెల. 1345కు 590 కలిపితే 1935 వస్తుంది. అది తప్పు. ఆజూరు నుంచి డిసెంబరు ఆఖరు వరకే 590 కలపాలి. జనవరి దాటిన తర్వాత 591 కలపాలి. ఆ మనిషి పోయింది 1936లో. సంవత్సరంలో తొమ్మిది నెలలు ఈ ఒక్కటి తేడా వస్తుంది.

ఇక్కడే నాకూ, శాసనాలు చదివే మిత్రులకూ ఏళ్ళుగా పేచీ. వాళ్ళ వాదం ఏమంటే, రాయి అబద్ధం చెప్పదు, పత్రికలో తేదీ వేరుగా ఉంటే పత్రికే తప్పు. పత్రికలవాళ్ళు వినికిడి మీద అచ్చు వేస్తారు, అక్షరాలు పేర్చేవాళ్ళు అంకెలు తారుమారు చేస్తారు, కాబట్టి మరణ వార్త సాక్ష్యానికి పనికిరాదంటారు. వాళ్ళు ఎత్తిచూపిన తేడాలను నేను వరసగా కూర్చొని లెక్క వేశాను. ఎక్కువ చోట్ల తేడా సరిగ్గా ఒక ఏడాది. అంటే పత్రిక పొరపాటు కాదు, అన్ని ఫసలీ తేదీలకూ 590 కలిపేసిన మనవాళ్ళ పొరపాటు. మిగిలినవాటిలో తేడా ఒక్క రోజు. దానికీ కారణం ఉంది. హిజ్రీలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మగ్రిబ్ నమాజు తర్వాత ప్రాణం పోతే రాయి మీద మరుసటి తేదీ పడుతుంది, ఇంగ్లీషు లెక్కలో ఇంకా అదే తేదీ. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ మీద 1948 ఆగస్టు 21 రాత్రి దాడి జరిగింది, తెల్లవారుజామున 22న ఆయన ప్రాణం విడిచారు. ఇంగ్లీషు లెక్కలో అవి రెండు తేదీలు. హిజ్రీ లెక్కలో ఒకే తేదీ. ఈ చిన్న సంగతి పట్టించుకోకుండా పత్రికలను అబద్ధాలకోరులుగా తేల్చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

అట్లాగని రాతిని తోసేయను. దాగ్ దెహ్లవీ సంగతి చెబుతాను. ఆరో నిజాం ఆస్థానంలో ఉన్న ఉర్దూ కవి. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఆయన గోరీ ఉంది. ఆయన పోయిన తేదీ కొన్ని పుస్తకాల్లో 1905 ఫిబ్రవరి అని, కొన్నిటిలో 1905 మార్చి 17 అని ఉంటుంది. ఉర్దూలో చనిపోయినవారికి తారీఖు కట్టడమనే విద్య ఉంది, అక్షరాల విలువలు కూడితే ఏడాది రావాలి. దాగ్ విషయంలో ఆయన పేరే తారీఖు అయింది. నవాబ్ అనే మాటలో నూన్ 50, వావ్ 6, అలిఫ్ 1, బే 2, మొత్తం 59. మీర్జాలో మీమ్ 40, యే 10, రే 200, జే 7, అలిఫ్ 1, మొత్తం 258. దాగ్‌లో దాల్ 4, అలిఫ్ 1, గైన్ 1000, మొత్తం 1005. మూడూ కలిపితే 1322. హిజ్రీ 1322 ఎప్పుడు ముగిసింది? 1905 మార్చి మొదటి వారంలో. మార్చి 17 నాటికి 1323 వచ్చేసింది. కనుక ఫిబ్రవరే నిజం. మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసుకున్నప్పుడు నా చెయ్యి వణికింది. అక్షరం ఏడాదిని కాపాడింది. రోజు కావాలంటే మాత్రం ఆనాటి పత్రికే వెతకాలి.

రాయి ఒక్కటే చాలదనడానికి మన దారిలోనే ఒక గుర్తు ఉంది. ఇక్కడి నుంచి నగరానికి పోతుంటే మలక్‌పేట చేరకముందు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి. 1798 మార్చి 25న పోయాడు. జనం అతన్ని మూసా రాం అన్నారు, మూసా రహీం అన్నారు, మూసారాంబాగ్‌కు ఆ పేరు అట్లాగే వచ్చిందంటారు. పక్కనున్న స్తంభాల మంటపం 2001లో కూలితే మళ్ళీ కట్టారు. సమాధి మీది నల్లరాతి స్తంభంపై చెక్కినవి రెండే ఇంగ్లీషు అక్షరాలు, జె, ఆర్. రాయి రెండు అక్షరాలు చెప్పి ఊరుకుంది. మిగతా మనిషినంతా కాగితాలే మోసుకొచ్చాయి.

మన ఊళ్ళ బొందలగడ్డల్లో ఆ రెండు అక్షరాలూ ఉండవు. లింగాయతులు, జంగాలు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ఎన్నో బహుజన కులాల్లో పూడ్చడమే ఆచారం. మట్టిదిబ్బ మీద ఒక బండ, బండ మీద సున్నం, ఎక్కడన్నా ఒక పేరు. కొన్ని బండల మీద అక్షయ నామ సంవత్సరం అని మాత్రమే ఉంటుంది. అక్షయ 1926లో వచ్చింది, 1986లోనూ వచ్చింది. అరవై ఏళ్ళ తేడా అంటే తాతా మనుమడూ ఒకే రాయి కింద కలిసిపోవడమే. అటువంటి చోట నాలుగు వరుసల వార్త ఒక్కటి దొరికితే చిక్కు విడిపోతుంది. ఒప్పుకోవలసిన బాధ ఇంకొకటి ఉంది. ఆనాటి పత్రికల్లో పడ్డవి వకీళ్ళ, దేశ్‌ముఖుల, పంతుళ్ళ చావులే ఎక్కువ. చెరువు తూము కాపలా కాసిన నీరటి చావు పత్రికలో నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. వాళ్ళ కోసం ఇప్పుడు బతికున్న ముసలివాళ్ళ నోటి మాటే రాసుకోవాలి, ఆలస్యం చేయకూడదు.

కాగితం ఎట్లా దొరుకుతుందో ఒకటి చూపిస్తాను. ఈ తాలూకాలోనే ఒక ఇంట్లో గోడ క్యాలెండరు వెనక మైదా లేయితో అంటించిన కత్తిరింపు ఇచ్చారు. పెద్దాయన ఫోటో, పేరు, సంతాపసభ. తేదీ లేదు, పత్రిక పేరు లేదు, కత్తెర రెంటినీ తీసేసింది. లేయి ఉన్నంతమేరా పురుగు తిన్నది. తడిగుడ్డ పెట్టి, రెండు గంటలు ఓపిక పట్టి, అట్ట నుంచి విడదీశాను. వెనకవైపు మాయాబజార్ విడుదల ప్రకటన. ఆ సినిమా వచ్చింది 1957 మార్చి 27న. ఆ ఇంటి పెద్దాయన ఏ వారంలో పోయారో ఆ ఇంటివాళ్ళకే అప్పటిదాకా తెలియదు. ఆ ఇంటి కోడలు కత్తిరింపును తిరగేసి మరగేసి చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.

అందుకే చెబుతున్నాను, కత్తిరించకండి. పేజీ మొత్తం ఉంచండి. లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. కట్టె గుజ్జుతో చేసిన పత్రిక కాగితంలో లిగ్నిన్ ఉంటుంది, అది వెలుతురుకు పసుపెక్కి పెళుసైపోతుంది. ప్లాస్టిక్ వేడితో దాన్ని లోపల బంధిస్తే తర్వాత విడదీయడం ఎవరి వల్లా కాదు. ముందు ఫోటో తీయండి, ఆ తర్వాత బల్లపరుపుగా, చీకట్లో, పొడిగా దాచండి. ఒక గ్రంథాలయంలో, పేరు చెప్పను, ముప్పై ఏళ్ళ బైండు పత్రికలను తూకానికి అమ్మేశారు. నేను పోయేసరికి అల్మరా అడుగున ఇటుక రంగు పొడి మిగిలింది. ఆ పొడిని చేత్తో తీసి కవర్లో వేసుకొచ్చాను, ఎందుకో నాకే తెలియదు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మిగిలింది గబగబా చెబుతాను. 1978లో మన రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. అంతకు ముందటి వార్తల కోసం హైదరాబాదు జిల్లా పేజీల్లో వెతకాలి. 1989 నుంచి ఈనాడు జిల్లా అనుబంధాలు వచ్చాయి, మిగతావాళ్ళూ తెచ్చారు. ఊరి చావులన్నీ ఆ చిన్న పేజీల్లోకి వెళ్ళాయి. గ్రంథాలయాలు పెద్ద పత్రికను బైండు చేశాయి, అనుబంధాన్ని వదిలేశాయి. 1930ల నాటి వార్త కన్నా 1995 నాటి వార్త దొరకడం నాకు కష్టమైంది. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళు వచ్చి ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి, ఎంతోమంది కష్టపడి కొన్నిటిని నిలబెట్టారు. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి, ఇంట్లో కూర్చొని చూసేలా పెట్టింది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం గురించి ఇవాళ చెప్పలేకపోతున్నాను. కరోనా రెండేళ్ళ శ్రద్ధాంజలి పేజీల గురించీ చెప్పలేను, దానికి వేరే సభ కావాలి. ఇప్పుడు చావు కబురు ఫోన్లో స్టేటస్‌గా వస్తుంది, మర్నాటికి పోతుంది. కనీసం దాన్ని దాచి, తేదీ వేసి పెట్టండి.

ఆదిభట్ల వైపు, సాగర్ రోడ్డు వెంట వెంచర్లు వస్తున్నాయి. బొందలగడ్డల హద్దురాళ్ళు ముందు కదులుతాయి, తర్వాత గోరీలు.

ఇక్కడ బల్ల మీద ఒక పెద్ద రిజిస్టరు పెడుతున్నాను. గడులు నేనే గీశాను. పేరు, ఊరు, గోరీ ఉన్న చోటు, దాని పక్కన ఎవరి గోరీ ఉంది, రాయి మీద ఉన్న తేదీ ఉన్నది ఉన్నట్టుగా, పత్రిక పేరు, పేజీ, కాగితం ఎవరింట్లో ఉంది. ఫసలీ గడిని వెడల్పుగా ఉంచాను, అందులో ఏమీ కూడకండి, ఉన్న అంకె మాత్రమే రాయండి, కూడిక నేను చేస్తాను. మొదటి పేజీలో మూడు పేర్లు ఎక్కించాను. నాలుగో వరుస ఖాళీగా ఉంది. కలం పక్కనే ఉంది.