బండి ఆయిలు కారితే మనిషిని అనుమానించాం
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రూపు లీడరు మాట్లాడిన మాటలు)



నేను పదో తరగతి వరకే చదివాను. మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి. మా గ్రూపు కూరగాయల వ్యాను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎంత మిగిలిందో రిపోర్టులో వేశారు. అందులో లేనిది నేను చెబుతాను. మా బండి ఆయిలు కారింది. అది తెలుసుకోలేక మేము ఒక పిల్లాడిని దొంగ అన్నాం.

మాది పదిమంది గ్రూపు. అందరం కూరగాయలు పండించేవాళ్లమే. ఆటోలకు కిరాయి కట్టలేక, బ్యాంకు లింకేజీ అప్పులోంచి తలా కొంత వేసుకుని పాత ఓమ్ని వ్యాను కొన్నాం. 2008 మోడలు. ఓమ్ని కొత్తవి 2019లోనే ఆగిపోయాయి కాబట్టి ఎవరు కొన్నా పాతదే కొనాలి. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి రైతుబజారుకు వెళ్తుంది. పోను 28 కిలోమీటర్లు, రాను 28. నడిపేది మా గ్రూపులోని ఒక అక్క కొడుకు.

కొన్న ఏడాదికి ఆ పిల్లాడు ఇంజన్ ఆయిలు బిల్లులు తేవడం మొదలుపెట్టాడు. పది రోజులకు అరలీటరు. మూడు నెలలకు నాలుగున్నర లీటర్లు, 1,700 రూపాయలు. మేము బండి ఆగే చోటు చూశాం. పొద్దున లేచి చూస్తే సిమెంటు మీద రూపాయి బిళ్లంత మరక, అంతే. ఇంత మరకకు అన్ని లీటర్లా? మీటింగులో ఒకామె అనేసింది, "బండి తాగుతోందా, నువ్వు తాగుతున్నావా?" అని. అందరూ నవ్వారు. ఆ పిల్లాడు నా వైపు చూసి, "పిన్నీ, నేను పోసింది బండికే" అన్నాడు. నేను లీడర్ని. నోరు మెదపలేదు. 1,700 అతని జీతంలో పట్టుకోవాలని తీర్మానం రాస్తే కింద సంతకం కూడా పెట్టాను. తర్వాత మూడు వారాలు వాళ్లమ్మ మీటింగుకు రాలేదు. పొదుపు డబ్బులు మాత్రం పక్కింటి పిల్లతో పంపేది.

ఈలోపు దగ్గర్లోని ఒక షెడ్డులో చూపిస్తే, ఇంజను దించాలి, సీళ్లన్నీ మార్చాలి, 16,000 అవుతుంది అన్నారు. కింద అంతా ఆయిలుగా ఉంది కదా, నిజమే అనుకున్నాం. అంత డబ్బు లేక ఆగాం. లేకపోవడమే మంచిదైంది.

విజయవాడ ఆటోనగర్‌లో పాత వ్యాన్లు చేసే ఒక పెద్ద మేస్త్రి ఉన్నారని తెలిసి, నేను, ఆ పిల్లాడు కలిసి బండి తీసుకెళ్లాం. ఆయన పానా కూడా ముట్టుకోలేదు. ముందు నన్ను ప్రశ్నలు అడిగారు. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తోందా? వస్తే ఆయిలు లోపలే కాలిపోతున్నట్టు. మాకు రావట్లేదు. కారేది ఏ రంగు? ఇంజన్ ఆయిలు నల్లగా, జిడ్డుగా ఉంటుంది. గేరు ఆయిలు ఇంకా చిక్కన, ఘాటు వాసన. రేడియేటరులో పోసేది నీళ్లలా పలచగా, రంగుగా ఉంటుంది. చక్రం దగ్గర పలచటి ఆయిలు కనిపిస్తే అది బ్రేకుది కావచ్చు, ఆ బండిని అసలు కదపకూడదు. మాది నలుపే.

తర్వాత ముందు సీటు ఎత్తారు. ఓమ్నికి ఇంజను అక్కడే, సీట్ల కింద. అంతా మురికి, జిడ్డు. "అమ్మా, ఇందులో ఎక్కడ కారుతోందో దేవుడికి కూడా తెలియదు. ముందు కడగాలి" అన్నారు. ఇంజను చల్లారాక, వైర్లున్న చోట కవర్లు కట్టి, కిరసనాయిలుతో బ్రష్షు పెట్టి కడిగారు. గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చారు. ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు ఇంజను మీద చల్లి, పావుగంట తిప్పి తెమ్మన్నారు.

తిరిగొచ్చాక సీటు ఎత్తితే, తెల్లటి పౌడరు మీద నల్లటి గీత ఒకటి కిందికి దిగుతోంది. పైకి వెతుక్కుంటూ పోతే ఇంజను నెత్తిమీద ట్యాపెట్ కవరు దగ్గర మొదలైంది. కింద చాంబరు మీద కనిపించిందంతా పైనుంచి దిగిందే. మేస్త్రిగారు చెప్పిన మాట నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను: తడి ఎక్కడ ఎక్కువ ఉందో చూడకూడదు, అన్నిటికన్నా పైన ఎక్కడుందో చూడాలి.

మరి మరక అంత చిన్నది ఎందుకు? అదీ అడిగాను. ఇంజను తిరిగేటప్పుడే ఆయిలు పైకి చిమ్ముతుంది, అప్పుడే కారుతుంది. కారింది గాలికి వెనక్కి పోయి రోడ్డు మీద పడుతుంది, వేడి సైలెన్సరు పైపు మీద పడింది కాలిపోతుంది. బండి ఆగాక మిగిలిన చుక్కలే మనకు కనిపిస్తాయి. నేను అక్కడే లెక్క వేశాను. పది రోజులకు అరలీటరు అంటే రోజుకు 50 మిల్లీలీటర్లు, అంటే సగం టీ గ్లాసు. సగం టీ గ్లాసు ఆయిలు 56 కిలోమీటర్ల రోడ్డు మీద పడితే ఎవరికి కనిపిస్తుంది? పిల్లాడు పోసింది బండికే. నేను తలెత్తి అతని ముఖం చూడలేకపోయాను.

కవరు విప్పితే లోపలి రబ్బరు ప్యాకింగు గాజు గాజులా గట్టిపడి విరిగిపోయింది. అంత పాత బండికి, ఆ వేడికి అది సహజమే. ప్యాకింగు వేసి వదిలేస్తే మళ్లీ కారేది అని ఇంకోటి చూపించారు. ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదరు పైపు మడ్డి పట్టి మూసుకుపోయింది. ఆవిరికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్యాకింగు నుంచి ఆయిలును తోస్తుంది. మూత బిగించిన గిన్నెలో పాలు కాచినట్టే. ఆ పైపు మార్చారు. కవరు అంచు శుభ్రంగా తుడిచి, బోల్టులు ఒక్కసారే కాకుండా కొంచెం కొంచెంగా సమానంగా బిగించారు. మరీ బిగిస్తే కవరు వంగి కొత్త ప్యాకింగు కూడా కారుతుందట.

ప్యాకింగు 220, పైపు 150, ఆయిలు ఫిల్టరుతో కలిపి 1,300, కూలి 700. మొత్తం 2,370 రూపాయలు. 16,000 ఎక్కడ, ఇది ఎక్కడ? ఎనిమిది నెలలైంది, చుక్క కారలేదు.

ఆ శనివారం మీటింగు మా గ్రూపు ఆఫీసులో కాకుండా ఆ అక్క ఇంట్లో పెట్టాం. పాత తీర్మానం అందరి ముందు చదివి, అది తప్పని కొత్త తీర్మానం రాశాం. 1,700 తిరిగి ఇచ్చాం. డబ్బు తీసుకుంది గానీ, "నా కొడుకుని నవ్వారు కదా" అంది అక్క. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆమె ఈ సభలోనే కూర్చుంది. ఆమెను అడిగే ఇది చెబుతున్నాను. అక్కా, గ్రూపులో క్షమించమని అడిగాను, ఇంతమంది ముందు మళ్లీ అడుగుతున్నాను.

పాత బండి కొనాలనుకునే గ్రూపులకు మా అనుభవం చెబుతాను. ఇంజను మరీ తళతళా కడిగి ఉంటే సంతోషపడకండి, అరగంట నడిపించి సీటు ఎత్తి మళ్లీ చూడండి. రాత్రి బండి కింద అట్టముక్క వేసి పొద్దున చూడండి. వారానికోసారి సమంగా ఉన్న చోట బండి ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, గేజి కడ్డీ తుడిచి ముంచి చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటి పోయడమూ తప్పే. నడిచేటప్పుడు ఆయిలు లైటు వెలిగితే అక్కడే ఇంజను ఆపేయండి, ఇంటిదాకా పోదాం అనుకోవద్దు. ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోశారో పుస్తకంలో రాయండి. మేము మొదటి నుంచీ అది రాసి ఉంటే, పిల్లాడి మాటకు ఆ పుస్తకమే సాక్ష్యం చెప్పేది.

సంతకం పెట్టే చేయి మనది. పెట్టేముందు ఒకసారి సీటు ఎత్తి చూద్దాం.