సర్దిచెబితే సరిపోతుందా?



రాత్రిపూట పక్కింట్లోంచి దెబ్బల చప్పుడూ, ఏడుపూ వినిపిస్తాయి. ఎవరో ధైర్యం చేసి పోలీసులకు కబురు చేస్తారు. వాళ్ళొచ్చి, "కాపురమన్నాక ఇవన్నీ మామూలేనమ్మా, సర్దుకుపొండి" అని చెప్పి వెళ్ళిపోతారు. ఆ సర్దిచెప్పడంవల్ల ఆ ఇల్లాలికి మేలు జరిగిందా, లేదా? ఎవరైనా లెక్క చూశారా?

చూశారండీ. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో 1981–82లో లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ అనే పరిశోధకులు పోలీసులతో కలిసి ఓ పరీక్ష పెట్టారు. పోలీసులకు మూడు రంగుల కాగితాలు కలగలిపి కుట్టిన పుస్తకాలిచ్చారు. ఇలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు పైన ఏ రంగు కాగితముంటే ఆ ప్రకారం చెయ్యాలి. ఒకదానికి అరెస్టు. ఒకదానికి సర్దిచెప్పడం. మరొకదానికి, కొట్టినవాణ్ణి ఎనిమిది గంటలపాటు ఇంటినుంచి పంపెయ్యడం. తీవ్రమైన గాయాలున్న కేసుల్ని ఇందులో కలపలేదు. అలా 314 కేసులు తీసుకుని, ఆరు నెలలు కనిపెట్టి చూశారు.

పోలీసు రికార్డుల ప్రకారం, అరెస్టయినవారిలో నూటికి 10 మంది మళ్ళీ చెయ్యి చేసుకున్నారు. సర్దిచెప్పిన చోట 19 మంది, ఇంటినుంచి పంపిన చోట 24 మంది! ఇది చూసి అక్కడ చాలా రాష్ట్రాలు అరెస్టే సరైన మందనుకున్నాయి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. తర్వాత వేరే ఊళ్ళలో ఇదే పరీక్ష పెడితే ఒక్కోచోట ఒక్కోలా తేలింది. మిల్వాకీలో ఉద్యోగం సద్యోగం లేని మగవాళ్ళు అరెస్టయి తిరిగొచ్చాక మరింత హింస పెట్టారట. ఒక ఊళ్ళో కుదిరిన మందు ఇంకో ఊళ్ళో వికటించింది. అంచేత ఒకసారి లెక్క చూసి ఊరుకుంటే చాలదు, మళ్ళీ మళ్ళీ చూడాలి.

మన దేశం సంగతేమిటంటారా? మధ్యప్రదేశ్‌లో 2019లో 180 పోలీసు స్టేషన్లు తీసుకుని, కొన్నిట్లో ఆడవాళ్ళకోసం హెల్ప్‌డెస్కులు పెట్టారు, కొన్నిట్లో పెట్టలేదు. హెల్ప్‌డెస్కులున్న చోట, ముఖ్యంగా మహిళా పోలీసులే వాటిని నడిపిన చోట, స్త్రీల కేసులు ఎక్కువగా నమోదయ్యాయని 2022లో అచ్చయిన పరిశోధన చెప్పింది. వినే మనిషి ఎదురుగా ఉంటే, నోటిమాట కాగితమెక్కుతుందన్నమాట.

చెల్లెళ్ళూ, కాగితమెక్కని బాధ ఏ లెక్కలోకీ రాదు. పోలీసు స్టేషనుకి వెళ్ళవలసి వస్తే నోటితో చెప్పి వచ్చెయ్యకండి, రాయించండి. ఎఫ్.ఐ.ఆర్. నమోదైతే దాని ప్రతి ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అడిగి తీసుకోండి. ఇవాళ మీరు రాయించిన ఆ కాగితమే రేపు ఇంకో ఇల్లాలికి అండ కావచ్చు.