మట్టీ కాదు, రాయీ కాదు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగము)



పండుగనాడు పునాదుల గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చును. కాని పావగడ పేరు వింటే చెవి ఒగ్గేవారు ఈ సభలో ఉంటారని మా నమ్మకము. తాలూకా తుమకూరు జిల్లాలోనిదైనా, చాలా ఇండ్లలో మాట తెలుగే. అక్కడ తిరుమణి, వల్లూరు మొదలైన ఐదు గ్రామాల రైతులు భూములు అమ్ముకోక, ఎకరాకు సాలుకు 21,000 రూపాయల చొప్పున 28 ఏండ్ల కౌలుకు ఇచ్చారు. సుమారు 13,000 ఎకరాలు! అందులో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము 2019 నాటికి పూర్తి అయినది.

ఆ పలకల బరువు స్వల్పమే. భయమంతా గాలితో. గాలి క్రింద దూరితే పలక చేటవలె పైకి లేవజూస్తుంది. కనుక స్తంభము నేలను పట్టుకొని నిలవవలె.

ఆ ప్రాంతపు నేల పైన ఎర్రమట్టి, క్రింద మొరము, దాని క్రింద కుళ్ళిన రాయి, అడుగున గట్టిరాయి. బావులు తవ్విన మన పెద్దలకు ఈ వరుస కంఠపాఠము. కుళ్ళిన రాయి పారకు లొంగదు, గడ్డపారకు రాలుతుంది. ఇంజనీరుకు చిక్కు అక్కడే. మట్టి పరీక్షలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదలి, గొట్టము 30 సెంటీమీటర్లు దిగుటకు ఎన్ని దెబ్బలో లెక్కిస్తారు. ఇక్కడ 50 దెబ్బలకు నాలుగు వ్రేళ్ళు కూడ దిగకపోవచ్చును. అంకె అక్కడితో సరి. పోనీ, రాయి అనుకొని బోరులో వచ్చిన కడ్డీని నలిపి చూతమా, మెత్తనిది నీళ్ళలో కొట్టుకొనిపోయి గట్టి ముక్కలే పెట్టెకు చేరుతాయి. జల్లెడలో మిగిలిన రాళ్ళను చూచి బియ్యము గట్టితనము చెప్పినట్లే!

అమెరికాలో ఓనీల్ అను ఆచార్యుడు, ఆయన సహచరులు 1996లో ఈ నడిమి జాతికి వేరే లెక్క కట్టారు. చదరపు సెంటీమీటరుకు సుమారు 5 నుంచి 50 కిలోల వరకు ఓర్చుకొనేది ఈ జాతి. గుంత గోడ గరుకుగా ఉన్నదా, బురద పూసుకొని నున్నబడినదా అన్నది అందులో ముఖ్యము. కాంక్రీటుకు పట్టు ఆ గరుకే.

ఇంకొకటి. మొరములో గుండ్లు దాగి ఉంటాయి. గుండు తగలగానే "రాయి వచ్చిందండీ" అని బోరు ఆపే గుత్తేదారులు లేకపోలేదు. పదడుగుల అవతల అదే లోతులో గడ్డపార దిగిపోతుంది. పట్టికలు ఎన్ని ఉన్నా, అక్కడే ఒకటి రెండు పైళ్ళు దించి జాకీతో పైకి లాగి చూడవలెనని మా అభిప్రాయము. భారత ప్రమాణము 2911 నాల్గవ భాగము ఇట్టి పరీక్షలకే. ఖర్చు దండగ అనేవారు 28 ఏండ్ల గాలులను తలచుకోవలె.

ఊళ్ళో మేడ కట్టించే తలపు ఉన్నవారు, తొలి రాయి తగిలిన తరువాత మరి పదడుగులు బోరు దింపమని అడగండి.