కంప్యూటరు పటం – పశువుల మేత లెక్క

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాను కనుక అక్కడి విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నయాగరా గురించి ఈ వేదిక మీద ఇదివరకే విన్నాం. నేను సర్వే శాఖలో గొలుసు పట్టి రిటైరైనవాణ్ణి. అందుచేత అక్కడ చూసిన ఒక పశువుల రాంచ్ గురించి, అక్కడ పటం చేస్తున్న పని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కొలరాడో రాష్ట్రపు ఆగ్నేయ భాగం మెట్ట ప్రాంతం. ఏడాదికి 12 నుంచి 15 అంగుళాల వాన. మన అనంతపురంలో పడేదానికన్నా తక్కువే. వెనుకటి తరంవారు ఆ పచ్చిక బయళ్ళను గోధుమ కోసం దున్నేశారు. 1930లలో కరువు వచ్చేసరికి, పట్టి ఉంచే గడ్డివేళ్ళు లేక మట్టి గాలికి లేచిపోయింది. దుమ్ము తుపానులకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1935లో అక్కడి ప్రభుత్వం నేల రక్షణకు ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టింది. గడ్డి పోతే నేల పోతుందన్న భయం ఆ ప్రాంతంవారికి ఈనాటికీ ఉంది.

నేను వెళ్ళిన రాంచ్ మా అబ్బాయి స్నేహితుడి మామగారిది. ఆయనకు డెబ్భై దాటాయి. అక్కడ భూమిని సెక్షన్లుగా కొలిచారు. సెక్షనంటే మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. మైలుకు 80 గొలుసులు. మనం లాగిన 66 అడుగుల గంటర్ గొలుసే అక్కడా! ఆ మాట చెబితే ఆయన ఎంతో సంతోషించారు.

వారి పటం కంప్యూటరులో ఉంటుంది. మన ఎఫ్.ఎం.బి. మీద ట్రేసింగు కాగితాలు ఒకదానిమీద ఒకటి పరిచినట్టు ఊహించుకోండి. ఒక కాగితం మీద కంచెలు, ఒకదాని మీద నీటి తొట్లు, ఒకదాని మీద వాలు, ఒకదాని మీద నేల రకం, చివరిదాని మీద గడ్డి. ఈ గడ్డి వివరం లాండ్‌శాట్ ఉపగ్రహాల నుంచి వస్తుంది. వీటిలో మొదటిదాన్ని 1972లో ప్రయోగించారు. 2008 నుంచి ఆ చిత్రాలు అందరికీ ఉచితం. చిత్రంలో ఒక్కొక్క గడి 30 మీటర్ల చదరం, అంటే మన లెక్కలో సుమారు 22 సెంట్లు. వీటి ఆధారంగా ఏ కంచెలో ఏ ఏడు ఎంత గడ్డి పెరిగిందో 1986 నుంచి వరసగా చూసుకోవచ్చు.

ఇక అసలు లెక్కకు వస్తాను. మూడు సెక్షన్లు వరసగా ఉన్న ఒక బీడు అనుకుందాం. 1,920 ఎకరాలు. ఎకరానికి 800 పౌన్ల ఎండుగడ్డి. సగం తిను, సగం వదులు అన్నది అక్కడి సూత్రం. ఆ తినే సగంలోనూ తొక్కుడుకు, పురుగులకు పోగా, పశువు నోటికి చేరేది మొత్తంలో నాలుగో వంతు, అంటే ఎకరానికి 200 పౌన్లు. దూడతో ఉన్న ఆవుకు రోజుకు 26 పౌన్లు, నెలకు 780 పౌన్లు కావాలి. ఈ ప్రకారం ఆరు నెలలకు 82 ఆవులు మేయవచ్చని కాగితం చెబుతుంది.

కాని నీటి తొట్టి ఒక కొసన ఉంది. ఆవు నీటికి మైలు లోపలే బాగా మేస్తుంది. మైలు నుంచి రెండు మైళ్ళ వరకు సగమే లెక్క. రెండు మైళ్ళు దాటితే సున్నా. అంటే స్థూలంగా మొదటి సెక్షను పూర్తిగా, రెండోది సగం, మూడోది అసలు లేనట్టే. మిగిలింది 960 ఎకరాలు, 41 ఆవులు! కాగితాన్ని నమ్మి 82 తోలితే తొట్టి చుట్టూ నేల బోడి అవుతుంది, అవతలి కొసన గడ్డి నిలువునా ఎండుతుంది. అదే గొట్టం వేసి, రెండు, మూడు సెక్షన్ల మధ్య ఇంకో తొట్టి కడితే, ఎకరం కొనకుండానే బీడు దాదాపు రెట్టింపవుతుంది. పటం ఇచ్చే లాభం ఇదీ.

నేనున్న ఏడు వసంతంలో వానలు సరిగా లేవు. జూలై వానలు చూసి నిర్ణయిద్దామని కొడుకు అన్నాడు. చేతులారా పెంచిన మంద గదా! పెద్దాయన మాట్లాడకుండా గడిచిన పదేళ్ళ పటాలు, ఆ ఏటి పటం పక్కపక్కన చూపించారు. కరువు ఖాయమయ్యాక అందరూ ఒకేసారి సంతకు తోలుతారనీ, అప్పుడు ధర ఉండదనీ, గడ్డీ ఉండదనీ ఆయన వాదన. జూన్‌లోనే పదిహేను ముసలి ఆవులను అమ్మేశారు. లారీ గేటు దాటేదాకా తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు. పింఛనుదారులం, మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. వడ్డీ తింటే బ్రతుకుతాం, అసలు తింటే ఆగిపోతాం. ఆయనకు గడ్డివేరే అసలు.

అయితే పటం అన్నీ చెప్పదు. ఉపగ్రహానికి పచ్చదనం తెలుస్తుంది గాని, అది పశువు ముట్టే గడ్డో, ముట్టని కలుపో ప్రతిచోటా తేల్చి చెప్పలేదు. అందుకే ఆయన ఏటా ఒకే తేదీన, అవే చోట్ల నిలబడి ఫొటోలు తీస్తారు. వంగి గడ్డి ఎత్తు కొలుస్తారు. పటం చూసి ఎక్కడికి నడవాలో తెలుసుకోవాలి, నడవడం మాత్రం మానకూడదు.

మన ఊళ్ళలోనూ మేత పోరంబోకులు, బంచరాయిలు ఉన్నాయి. ఖాళీగా కనబడుతుంది గనుక ఎవరికీ అక్కరలేని భూమి అనుకుంటాం. 2009లో మన ఇస్రోవారు ప్రారంభించిన భువన్‌లో మీ ఊరి బీడును మీ మనుమల చేత తెరిపించి చూడండి. హద్దు ఏది, చెరువు ఎంత దూరం, ఊళ్ళో పశువులెన్ని అని లెక్క కట్టండి. ఆ లెక్క పంచాయతీలో పెడితే, ఆ భూమికి ఒక పని ఉందని నలుగురికీ తెలుస్తుంది. గొలుసు పట్టిన చేతులకు, దస్త్రాలు రాసిన చేతులకు ఇది కష్టమైన పని కాదు.